చెవి కోసింది నిజమే

మిర్యాలగూడ,
జూన్ 4, 2025

సాయన్నా,

ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు జైలు ఆఫీసులో ఒక సారు చదువుతాడట. అందుకే ముందు ఆయనకు నమస్తే. సారూ, మా అన్న దొంగ కాదు. ఇక మిగిలింది మా ఇంటి ముచ్చట, చదివితే మీ ఇష్టం.

అన్నా, జైలు నుంచి వారానికోసారి చేసుకునే ఫోను వదిన నంబరుకు రాయించావు. మంచిపని. కానీ నువ్వు వదినకు చెప్పింది నాకు చేరేసరికి సగం కూడా మిగలడం లేదు. ములాఖత్ రోజుల్లో నాకు మిల్లులో సెలవు దొరకదు. అందుకే కాగితం మీద పడ్డాను. డిగ్రీ పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే.

నిన్న కోదాడ కోర్టుకు పోయాను. ఉచిత న్యాయసేవ వాళ్ళు మనకిచ్చిన ప్లీడరు ప్రత్యూష మేడం. నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో. ఎఫ్ఐఆర్ చదివి వినిపించింది. ఫిర్యాది నాగరాజు. కోదాడలో ఎరువుల దుకాణం, ఊరి బయట గొర్ల షెడ్డు. ఆయన గొర్రె పోయింది, అది నీ మందలో దొరికింది, దాని రెండు పిల్లల చెవులకు మన ఇంటి గుర్తుగా కోసే గాటు ఉంది. ఇంతే రాసి ఉంది. చదివితే నాకే నువ్వు దొంగలాగా కనిపించావు.

తప్పిపోయి వచ్చిన గొర్రెను మందలోనే ఉంచి, ఎదురైన ప్రతి కాపరికీ కబురు చెప్తామని, సొంతదారు వచ్చి గాటు చూపించి తోలుకుపోతాడని ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఈలోపు అది ఈనితే పిల్లలకు మన గాటే పెడతామని, అవి మళ్ళీ తప్పితే మన దాకా తిరిగి రావడానికే ఆ గాటు అని, తల్లి పోయిన రోజు పిల్లలూ దాని వెంటే పోతాయని కూడా లేదు. నాగరాజుకు ఇవేవీ తెలియవు. ఆయన గొర్లను జీతగాళ్ళు కాస్తారు, ఆయన యూరియా బస్తాల నడుమ కూర్చుంటాడు. మంద దగ్గరికి రావలసినవాడు స్టేషనుకు పోయాడు.

సరే, ఆయనకు తెలియదు. నీకేమైంది? చెవులు ఎవరు కోశారని పోలీసులు అడిగితే "నేనే సార్, ఈ చేత్తోనే" అన్నావట. రిమాండుకు తీసుకుపోయినప్పుడు జడ్జి మేడం, పోలీసులు కొట్టారా అని అడిగితే "కొట్టలే మేడం, చెవులు మాత్రం నేనే కోసిన" అన్నావట! అడగని దానికి కూడా జవాబు చెప్పావు. ప్రత్యూష మేడం తల పట్టుకుంది. "స్టేషన్లో ఒప్పుకున్నది కోర్టులో చెల్లదమ్మా. కానీ జడ్జిగారి ఎదురుగా ఇలా ఒప్పుకుంటూ పోతే నేనేం చెయ్యను?" అంది.

ఇక్కడి వరుస చెప్తాను, గుర్తుపెట్టుకో. ముందు బెయిలు అడుగుతారు. తర్వాత పోలీసులు చార్జిషీటు వేస్తారు. ఆ తర్వాత ఒక రోజు నిన్ను నిలబెట్టి, నీ మీద నేరం ఇదీ అని చదివి, ఒప్పుకుంటావా, విచారణ కావాలా అని జడ్జి అడుగుతారు. ఆ ఒక్క జవాబు మీదే నీ బతుకు ఉంది. నీకు దండం పెడతాను, అప్పటిదాకా ఎవరడిగినా చెవి మాట ఎత్తకు. నాకు తెలియదు, నేను కోయలేదు అను. అంతే.

అన్నం సరిగ్గా తిను. పప్పులో పురుగులుంటే తీసేసి తిను, మానేయకు.

నీ చెల్లె,
స్వర్ణ

*

సూర్యాపేట సబ్‌జైలు,
జూన్ 10

చెల్లె స్వర్ణకు,

నీ ఉత్తరం ముట్టింది. ఇచ్చిన సారు నవ్వుకుంట ఇచ్చిండు. "నీ చెల్లె నాకు గూడ నమస్తే పెట్టిందిరో" అన్నడు. ఆయన మంచోడే.

కోపానికి రాకు గని, చదువుకున్నదానివి, నన్ను అబద్ధం ఆడుమని రాస్తవానే? నేను కోసిన చెవిని నేను కొయ్యలేదని ఎట్లంట? నెత్తురు కారుతుంటే పసుపు అద్దింది గూడ నేనే. చేసినదాన్ని చెయ్యలేదనేది దొంగోడు. గట్లంటే నిజంగనే దొంగనైత.

ఈడ పొద్దుగాల, మాపటీలి మమ్ముల నిలవెట్టి లెక్క పెడతరు. మొదటి రోజు నాకు నవ్వొచ్చింది. ఇన్నేండ్లు నేను మందను లెక్క పెడితి, ఇప్పుడు నన్ను మందల కలిపి లెక్క పెడుతుండ్రు. నా పక్కన బోరు మోటర్ల దొంగతనం కేసుల వచ్చినాయన పండుకుంటడు. కోర్టు సంగతులన్నీ ఆయనకు నోటికొచ్చు. "నీది గింత కేసు. ఒప్పుకుంటే ఇన్నిరోజులు లోపలున్నదే శిక్షల పట్టుకొని ఇడుస్తరు. కొట్లాడితే నీ గడ్డం నెరుస్తది" అంటడు. నేను ఇంటున్న.

నాయన, మీ వదిన శ్యామల కోదాడ నుంచి మన తిరుమలగిరి దాకా మందను ఎట్ల తోలుకపోయిండ్రు? తొవ్వల నీళ్ళు దొరికినయా? కొమ్ముల పొట్టేలు నేను లేకుంటే మొండికేస్తది. ఒక్కసారి నా అంగి దానికి వాసన సూపియ్యిమని శ్యామలకు చెప్పు.

ఉంట మరి,
సాయిబాబు

*

మిర్యాలగూడ,
జూన్ 21

అన్నా,

బెయిలు వచ్చింది! ప్రత్యూష మేడం ఫోన్ చేస్తే మిల్లు ఆఫీసులోనే అరిచాను. బియ్యం లారీ డ్రైవరు ఉలిక్కిపడి రసీదు కింద పడేశాడు.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. బెయిలు రావడం వేరు, నువ్వు బయటికి రావడం వేరు అట. నీకు పూచీగా ఇద్దరు జమానతు ఉండాలి. ఇల్లో పొలమో సొంత పేరు మీద కాగితం ఉన్నవాళ్ళు కావాలి. మన మందనంతా తోలుకొచ్చి కోర్టు వరండాలో నిలబెట్టినా ఒక్క జమానతుకు కూడా సరిపోదు అన్నా. గొర్రెకు పట్టా లేదు కదా.

మన ఇంటి కాగితం కోసం ఊరికి పోయాను. పన్ను రసీదు ఇంకా తాత పేరు మీదే వస్తోంది. పంచాయతీలో కూర్చున్నాయన "మీ తాతను తోల్కరా, సంతకం పెడతడు" అన్నాడు. "తాత సచ్చి ఎన్నేండ్లైంది కాకా" అంటే, "నాకు తెల్వదు బిడ్డా, కాగితంల మాత్రం బతికే ఉన్నడు" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

చివరికి మా సేటు రామలింగం గారిని అడిగాను. మూడు తరాలుగా మిల్లు, బజారులో ఇల్లు, అన్నిటికీ కాగితాలే. గల్లా పక్కన దేవుడి పటానికి దండ వేస్తూ విన్నారు. "అమ్మాయీ, సెలవు అడుగు, ఇస్తా. బియ్యం అడుగు, బస్తా ఇంటికి పంపిస్తా. కోర్టు బోను మాత్రం అడగకు. మా ఇంట్ల ఎవ్వరూ ఇంతవరకు కోర్టు మెట్టు ఎక్కలే" అన్నారు. "మీ మీద కేసు కాదు సార్, మీరు మా అన్నను ఎరుగుదునని చెప్తే చాలు" అన్నాను. "నేనెరుగను గదమ్మా" అన్నారు మెల్లగా. అందులో అబద్ధం లేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. కంప్యూటరు ముందు కూర్చుని ఒకే ఇన్వాయిసు మూడుసార్లు తప్పు కొట్టాను.

రేపు త్రిపురారం పోతాను, నర్సయ్య పటేలును అడగడానికి. ఆయన పొలంలో ఎన్ని ఏళ్ళు మంద పెట్టావు, ఆ ఎరువుతో ఆయన వరి ఎంత బాగా పండింది. ఆయనకు పొలం పాసుబుక్కు ఉంది.

ఇక నీ అబద్ధం సంగతి. నువ్వు లోపల కూర్చుని ధర్మం చెప్తున్నావు, నేను బయట ప్రతి గుమ్మం ముందు తల వంచుతున్నాను. నిజం చెప్పడానికి అది గుడి కాదు అన్నా, కోర్టు. అక్కడ నీ నిజం ఎవరికీ అక్కర్లేదు.

మంద క్షేమం. మొదటి వానలు పడ్డాయి. వదిన నీ అంగి చూపిస్తే పొట్టేలు దాన్ని నమలబోయిందట.

స్వర్ణ

*

సబ్‌జైలు, సూర్యాపేట,
జూలై 3

స్వర్ణా,

బెయిలు అయినంక గూడ లోపలనే ఉన్న నన్ను సూసి బారక్ల నవ్వుతుండ్రు. "ఏం సాయిబాబు, నీకు బయట మనుషులే లేరా?" అంటుండ్రు. ఏమని చెప్పాలె?

త్రిపురారం దిక్కు నుంచి ఒకాయన మొన్ననే తాగి కొట్లాడిన కేసుల వచ్చిండు. నర్సయ్య పటేలు నాకు జమానతు ఉండనన్నడని ఊరంత చెప్పుకుంటుండ్రట. నువ్వు ఆ మాట రాయలే. దాసిపెట్టినవ్. నా పాణం కోసమే దాసిపెట్టినవని తెలుసు, అయినా మనసుల పడ్డది. ఆ పొలంల మన మంద పండుకున్న రాత్రులు పటేలు సొంతంగ చాయ్ తెచ్చిచ్చేటోడు.

శ్యామల గూడ ఫోన్ల సరిగ మాట్లాడతలేదు. "మంచిగున్నం, నువ్వు పైలం" అంటది, పెట్టేస్తది. టైము ఇంకా ఉంటది గూడ. దొంగ పెండ్లామని పుట్టింటోళ్ళు ఏమన్నా అన్నరా? అంటే అన్నరని రాయి. తట్టుకుంట.

నేనొకటి అనుకున్న. ఒప్పుకుంటావా అని జడ్జి మేడం అడిగిన్నాడే ఒప్పుకుంట. ఇన్ని రోజుల శిక్ష అయిపాయె అంటరు, ఇంటికొస్త. నువ్వు గుమ్మాలు తిరుగుడు బందైతది. నిజం చెప్పెటానికి అది గుడి కాదంటివి. సరే, అబద్ధమే చెప్త, దొంగతనం చేసిన అని. నువ్వే నేర్పితివి గద.

సాయిబాబు

*

మిర్యాలగూడ,
జూలై 12

అన్నా, అన్నా,

నీ ఉత్తరం మిల్లు గేటు దగ్గర చదివాను. తౌడు బస్తా మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. నేను కోపంలో రాసిన ఒక్క ముక్కను పట్టుకుని నీ మెడకు ఉరి వేసుకుంటావా?

నర్సయ్య పటేలు సంగతి నీకు ఎవరో తప్పుగా చెప్పారు. నేను రాయకపోవడమూ తప్పే, ఆయన మాట పూర్తిగా తేలాక రాద్దామనుకున్నాను. ఆయన అన్నది ఇదీ, ఒక్క అక్షరం కలపకుండా రాస్తున్నాను. నారుమడి గట్టు మీద కూర్చుని చెప్పాడు. "సూడు బిడ్డా, మీ అన్న ఒప్పుకుంటడని మా ఊరోడొకడు అంటుండు. ఒప్పుకునేటోనికి జమానతెందుకు? ఒప్పుకుంటే మల్ల నా పొలంల అడుగు పెట్టనియ్య, నా కొడుకులు గూడ ఊకోరు. నేను చెయ్యలేదని నిలబడితే మాత్రం నాట్లున్నా ఇడిచిపెట్టి వస్త. నా పాసుబుక్కు నా చేతుల్నే ఉన్నది." ఇదా ఉండననడం? ఆయన నీ మాట కోసం చూస్తున్నాడు. నువ్వేమో ఆయన కోసం చూస్తున్నావు. నడుమ నేను ఆటోల్లో తిరుగుతున్నాను.

చార్జిషీటు పడింది. ఇరవై నాలుగో తారీఖున కోదాడలో నిన్ను నిలబెట్టి అడుగుతారు. ప్రత్యూష మేడం చెప్పింది విను. ఒప్పుకుంటే ఆ రోజే బయటపడవచ్చు, నిజమే. కానీ తీర్పులో నీ పేరు పక్కన దొంగ అని ఉంటుంది. తర్వాత కోదాడ నుంచి తిరుమలగిరి దాకా ఎవరి గొర్రె తప్పినా ముందు నీ దగ్గరికే వస్తారు. ఒప్పుకున్నాక, నేను చేయలేదని పైకోర్టుకు పోయి చెప్పుకునే దారి దాదాపు మూసుకుపోతుందట.

కోర్టు వరండాలో నీలాంటివాళ్ళను చూశాను. పేరు పిలవగానే చెప్పులు విప్పి లోపలికి పరుగెత్తుతారు, తల ఊపుతారు, బయటికి వచ్చి "ఏమైందమ్మా?" అని నన్ను అడుగుతారు. వాళ్ళకేమైందో వాళ్ళకే తెలియదు. నువ్వు అట్లా తల ఊపకు.

మంద బాగుంది. పిల్లలు చెంగున దుంకుతున్నాయి. వదినను ఎవరూ ఏమీ అనలేదు, పనికి అలిసిపోయి తక్కువ మాట్లాడుతోంది, అంతే. మంద కోసమని తొందరపడి ఒప్పుకోవలసిన అవసరమే లేదు. అక్కడ అంతా బాగుంది.

వెంటనే రాయి. ఒక్క ముక్క రాసినా చాలు.

స్వర్ణ

*

మిర్యాలగూడ,
జూలై 19

అన్నా,

జవాబు లేదు. నా ఉత్తరం అందిందో లేదో, అందినా చింపేశావో తెలియదు. రోజూ మిల్లు వాచ్‌మన్‌ను అడిగి అడిగి, ఇప్పుడు నన్ను చూడగానే ఆయనే చేయి అడ్డంగా ఊపుతున్నాడు.

మొన్న నాయన నీ ములాఖత్‌కు వచ్చాడు కదా. నువ్వేమన్నావని అడిగితే "ఏమంటడు" అంటాడు. నువ్వేమన్నావు నాయనా అంటే "నేనేమంట" అంటాడు. ఇద్దరూ జాలీకి చెరోపక్క ఏం చేశారు మరి?

ఒక మంచి ముక్క. ఇద్దరు జమానతు దొరకడం లేదని ప్రత్యూష మేడం పిటిషను వేస్తే, జడ్జి మేడం ఒక్కరు చాలన్నారు. ఒక్కరే! నర్సయ్య పటేలు చాలు. కానీ ఆయన రావాలంటే నీ నోటి నుంచి ఆ మాట రావాలి.

ఇరవై నాలుగున పటేలును వెంటబెట్టుకుని వస్తాను. లోపల వెనక గోడ దగ్గర ఉంటాను. నన్ను చూసి చెప్పు. నన్ను చూడకపోయినా సరే, ఒప్పుకోవద్దు. అన్నా, నేను చిన్నప్పటి నుంచీ నిన్ను ఏదీ అడగలేదని అనను. అన్నీ అడిగాను. ఇది కూడా ఇవ్వు.

స్వర్ణ

*

సబ్‌జైలు, సూర్యాపేట,
జూలై 25

చెల్లె స్వర్ణకు,

నిన్న నిన్ను సూసిన. నన్ను వ్యానులకు ఎక్కించినంక, నువ్వు కోర్టు గేటు కాడ ఉరుకుతున్నవ్, ఎనుక పటేలు పంచె పట్టుకొని ఉరుకుతుండు. నేను కిటికీల నుంచి ఒర్రిన, నీకు ఇనవడలే. మన కేసు పొద్దుగాలనే పిలిచిండ్రు. అయిపోయినంకనే మీరు దిగిండ్రు. ఏం జరిగిందో ప్రత్యూష మేడం చెప్పే ఉంటది. అయినా నా నోటితోని నేను చెప్పాలె.

ఆడ వెనక గోడ దగ్గర సూసిన. నువ్వు లేవు. నాగరాజు ఉన్నడు. తెల్లంగి ఏసుకొని, చెమట తుడుసుకుంట. నాకంటే ఆయనకే ఎక్కువ బుగులున్నట్టు కొట్టింది.

జడ్జి మేడం కాగితం చదివింది. ఫలానా గొర్రెను, దాని పిల్లలను, దొంగబుద్ధితోని తీసుకపోయి, గుర్తు మార్చి, అని. చదివి, తెలిసేటట్టు మల్ల మెల్లగ చెప్పింది. "ఒప్పుకుంటున్నవా, విచారణ కావాల్నా? ఎవరి బలవంతం లేదు, ఆలోచించుకొని చెప్పు" అన్నది.

నేనన్న, "మేడం, గొర్రె నా మందల ఉన్నది నిజమే. పిల్లల చెవులు కోసింది నిజమే. దొంగతనం మాత్రం చెయ్యలే."

మేడం తలెత్తింది. "అంటే ఒప్పుకుంటలేవు?" "ఒప్పుకోను మేడం." "రాసుకోండి" అన్నది. అంతే స్వర్ణా. ఇన్ని రోజులు నువ్వొక అబద్ధం చెప్పుమంటివి, నేనొక అబద్ధం చెప్తనంటి. రెండూ అక్కర లేకపాయె. ప్రత్యూష మేడం బయటికి వచ్చినంక "ఇదేనయ్యా మన జవాబు, ఇంతకాలం ఎవరూ నీకు చెప్పలేదా?" అన్నది. నీ పేరు చెప్పలే లే.

నాగరాజు వరండాల నా పక్క నుంచే పోయిండు. ఆగి, "మరి గొర్రె దొరికిందని నాకు కబురెందుకు పెట్టలేదయ్యా?" అన్నడు. "ఎదురైన ప్రతి మందకు చెప్పిన సార్, మీ జీతగాళ్ళకు గూడ అందే ఉంటది" అన్న. ఆయన నడుసుకుంట పోయి, మల్ల ఒకసారి తిరిగి సూసిండు. వచ్చే వాయిదాకు సాక్ష్యం ఆయనదే.

ఇగ అసలు ముచ్చట. నువ్వు రాసిన రెండు ఉత్తరాలు అందినయి. కావాల్ననే జవాబు రాయలే. రాస్తే మంద సంగతి అడుగుత, నువ్వు మల్ల దాస్తవు అని.

నాయన ములాఖత్‌కు వచ్చి గొర్ల మాట ఎత్తలే. నా పెండ్లి నాడు గూడ పందిట్ల కూసోని గొర్ల ముచ్చట చెప్పిన మనిషి. నేనే అడిగిన, "మంద ఎట్లున్నదే?" అని. "ఉన్నది" అన్నడు. తువ్వాలతోని ముఖం తుడుసుకున్నడు. ఆ వారం శ్యామలకు ఫోన్ చేసి, "ఏం మాట్లాడకు, ఫోను దొడ్డి దగ్గర పెట్టు" అన్న. పెట్టింది. వాన సప్పుడు ఇనొచ్చింది. ఒక్క గొర్రె గూడ అరువలే. "వానకు అన్నీ పండుకున్నయి" అన్నది శ్యామల. అని, ఏడ్చింది. గొర్లకు మూతులు వాచే రోగం వచ్చి సస్తున్నయట గద.

మంద పోతున్నదని తెలిస్తే ఉరికొచ్చేటందుకు ఒప్పుకుంటనని నువ్వు భయపడి దాసినవ్. మొదట గట్లనే అనుకున్న. రెండు రాత్రులు గట్లనే అనుకున్న. తర్వాత ఒకటి తోచింది. మంద ఉన్నన్ని రోజులు లోకమంత దొంగ అన్నా నా గొర్లు నా ఎంట వస్తయి. మంద లేనోడు రేపు ఇంకొకల మందకు జీతం పోవాలె. దొంగకు ఎవలు మంద అప్పజెప్తరు? నాకింత మిగిలింది దొంగ కాదన్న గా ఒక్క మాటనే అనిపించింది. అందుకే ఇడువలే.

పటేలు ఇచ్చిన జమానతు కాగితాలు సోమవారం సూస్తరట. మంగళవారం ఇడువొచ్చని ఈడున్న సారు అంటుండు. ఆ సారే ఈ ఉత్తరం ఇయ్యాల్నే పోస్టుల ఏస్తనన్నడు, నేను రాకముందే నీకు ముట్టాలని.

నేనొచ్చి సీదా దొడ్లకే పోత. పోతే పేర్లు పెట్టి పిలుస్త, అలవాటు. లేనిదాన్ని పిలిచి, అది వస్తదని నిలబడుడు నాతోని కాదు. ఏవేవి పోయినయో శ్యామలను అడిగి, పేరు పేరున కాగితం మీద రాసి, జైలు గేటు కాడనే నా చేతుల పెట్టు. బస్సుల చదువుకుంట వస్త.

నీ అన్న,
సాయిబాబు